టాప్‌స్పిన్ సర్వీస్, కిక్ సర్వీస్: సాంకేతిక భేదాలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:

- టెన్నిస్‌లో రెండో సర్వీస్‌కు భ్రమణం ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
- టాప్‌స్పిన్ సర్వీస్‌కు, కిక్ సర్వీస్‌కు మధ్య ఉన్న భేదాన్ని బంతి తిరిగే దిశ ఆధారంగా చెప్పగలుగుతారు.
- టాస్, రాకెట్ మార్గం, శరీర భంగిమలలో ఈ రెండు సర్వీసులకు ఉన్న తేడాలను గుర్తించగలుగుతారు.
- నేర్చుకునే పిల్లల్లో కనిపించే పొరపాట్లకు కారణాలు కనుక్కొని, నడుముకు హాని కలగకుండా శిక్షణ క్రమాన్ని రూపొందించగలుగుతారు.

1. ప్రస్తావన

టెన్నిస్‌లో ప్రతి పాయింటూ సర్వీస్‌తోనే మొదలవుతుంది. సర్వీస్ చేసేవారికి నిబంధనల ప్రకారం రెండు అవకాశాలు ఉంటాయి. మొదటిది తప్పితే అది ఫాల్ట్. రెండోది కూడా తప్పితే డబుల్ ఫాల్ట్ అవుతుంది, పాయింటు ప్రత్యర్థికి పోతుంది. కాబట్టి రెండో సర్వీస్‌కు రెండు లక్షణాలు కావాలి. అది తప్పకుండా సర్వీస్ బాక్సులో పడాలి, అదే సమయంలో ప్రత్యర్థి సులువుగా కొట్టగలిగేంత మెత్తగా ఉండకూడదు. ఈ రెండింటినీ కలిపి సాధించడానికి క్రీడాకారులు బంతికి భ్రమణం, అంటే స్పిన్, ఇస్తారు.

ఇలా భ్రమణంతో చేసే సర్వీసుల్లో టాప్‌స్పిన్, కిక్ ముఖ్యమైనవి. చాలామంది శిక్షకులు ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడతారు. అందులో పూర్తిగా తప్పు లేదు, ఎందుకంటే కిక్ సర్వీస్‌లో టాప్‌స్పిన్ కూడా ఉంటుంది. కానీ వ్యాయామ విద్యను అభ్యసిస్తున్నవారు, రేపు పిల్లలకు నేర్పవలసినవారు ఈ భేదాన్ని స్పష్టంగా తెలుసుకోవాలి. భేదం తెలియకుండా నేర్పితే రెండు నష్టాలు కలుగుతాయి. విద్యార్థి కిక్ చేస్తున్నానని అనుకుంటూ మరో సర్వీస్‌ను అలవాటు చేసుకుంటాడు. అంతకంటే పెద్ద నష్టం, అవసరం లేని చోట నడుమును వెనక్కి విరిచి గాయం తెచ్చుకుంటాడు.

ఈ పాఠంలో వివరణలన్నీ కుడిచేతి వాటం సర్వర్‌ను దృష్టిలో ఉంచుకొని ఇచ్చినవే. ఎడమ, కుడి అన్న మాటలు సర్వర్ వెనుక నిలబడి చూసేవారి దృష్టిలో చెప్పినవి. ఎడమచేతి వాటం వారికి అన్నీ అద్దంలో చూసినట్లు తారుమారవుతాయి.

2. భ్రమణం ఎందుకు అవసరం?

కోర్టు కొలతలతో ఒక చిన్న లెక్క వేద్దాం. బేస్ లైన్ నుంచి నెట్‌కు దూరం 11.89 మీటర్లు. నెట్ నుంచి అవతలి సర్వీస్ లైన్‌కు దూరం 6.40 మీటర్లు. రెండూ కలిపితే 18.29 మీటర్లు. నెట్ మధ్యభాగం ఎత్తు 0.914 మీటర్లు.

సర్వర్ బంతిని 2.60 మీటర్ల ఎత్తులో కొట్టాడనుకుందాం. ఆ బంతి తిన్నని గీతలో ప్రయాణించి సరిగ్గా సర్వీస్ లైన్ మీద పడాలంటే, నెట్ దగ్గర దాని ఎత్తు ఎంత ఉంటుంది? 2.60ని 6.40తో గుణించి 18.29తో భాగిస్తే 0.91 మీటర్లు వస్తుంది. అంటే బంతి నెట్ పై అంచుకే తగులుతుంది. 2.80 మీటర్ల ఎత్తులో కొడితే నెట్ దగ్గర 0.98 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బంతి వ్యాసార్ధం సుమారు 3.3 సెంటీమీటర్లు కాబట్టి మిగిలే ఖాళీ రెండు వేళ్ల మందం మాత్రమే. పొడవైన పెద్దవారికే పరిస్థితి ఇలా ఉంటే పన్నెండేళ్ల పిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అయితే బంతి తిన్నని గీతలో వెళ్లదు, గురుత్వాకర్షణ దాన్ని కిందికి లాగుతుంది. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బంతి 18.29 మీటర్ల దూరాన్ని సుమారు 0.37 సెకన్లలో దాటుతుంది. ఆ వ్యవధిలో గురుత్వాకర్షణ దాన్ని సుమారు 0.66 మీటర్లు కిందికి దించుతుంది. వేగం గంటకు 126 కిలోమీటర్లయితే ప్రయాణ సమయం 0.52 సెకన్లకు, దిగుడు సుమారు 1.34 మీటర్లకు పెరుగుతుంది. అందుకే నెమ్మదిగా కొట్టిన బంతి నెట్ మీదుగా ఎత్తుగా వెళ్లినా బాక్సులో పడుతుంది. కానీ నెమ్మదైన బంతిని ప్రత్యర్థి సులువుగా తిప్పికొడతాడు.

ఈ ఇరకాటం నుంచి బయటపడే మార్గమే టాప్‌స్పిన్. గురుత్వాకర్షణకు తోడుగా బంతిని కిందికి లాగే మరో బలాన్ని అది కల్పిస్తుంది. అందువల్ల రాకెట్‌ను ధైర్యంగా, వేగంగా తిప్పుతూనే బంతిని నెట్ మీదుగా ఎత్తుగా పంపవచ్చు.

2.1 బంతిని కిందికి లాగే బలం

తిరుగుతున్న టెన్నిస్ బంతి గాలిలో వంపు తిరుగుతుందన్న విషయాన్ని ఐజాక్ న్యూటన్ 1672లో కాంతి గురించి రాసిన లేఖలో ప్రస్తావించాడు. జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ 19వ శతాబ్దం మధ్యలో ఈ ప్రభావాన్ని ప్రయోగాలతో పరిశీలించడం వల్ల దీనికి మాగ్నస్ ప్రభావం అనే పేరు వచ్చింది. టెన్నిస్ బంతి వంపు గురించి 1877లో లార్డ్ రేలీ ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు.

బంతి ముందుకు దొర్లుతున్నట్లుగా తిరుగుతూ ప్రయాణించడమే టాప్‌స్పిన్. అప్పుడు బంతి పైభాగం ఎదురుగాలికి ఎదురుగా, కింది భాగం గాలి సాగే వైపుకు కదులుతాయి. దీనివల్ల బంతి వెనుక గాలి ప్రవాహం పైకి మళ్లుతుంది. బంతి గాలిని పైకి నెడితే, ప్రతిచర్యగా గాలి బంతిని కిందికి నెడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

అ) బంతిని 3.00 మీటర్ల ఎత్తులో కొట్టి, తిన్నని గీతలో సర్వీస్ లైన్ మీద పడేలా చేస్తే నెట్ దగ్గర దాని ఎత్తు ఎంత?
ఆ) టాప్‌స్పిన్ ఉన్న బంతిని గాలి ఏ దిశలో నెడుతుంది?

3. రెండు సర్వీసులకు అసలు తేడా: బంతి అడుగు భాగం ఎటు కదులుతోంది?

టాప్‌స్పిన్, కిక్ సర్వీసుల భేదాన్ని గుర్తుంచుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. నేలను తాకే క్షణంలో బంతి అడుగు భాగం ఎటు కదులుతోంది?

టాప్‌స్పిన్ సర్వీస్‌లో బంతి కేంద్రంతో పోలిస్తే దాని అడుగు భాగం సర్వర్ వైపుకు, అంటే వెనక్కి, కదులుతుంది. భ్రమణం లేని బంతిని నేల ఘర్షణ గట్టిగా అడ్డుకుంటుంది. టాప్‌స్పిన్ బంతి విషయంలో ఆ అడ్డు చాలా వరకు తగ్గుతుంది. బంతి తన దారిలోనే, పెద్దగా వేగం కోల్పోకుండా తిన్నగా ముందుకు లేస్తుంది.

కిక్ సర్వీస్‌లో అడుగు భాగం వెనక్కి కదలడంతో పాటు ఎడమ వైపుకు కూడా కదులుతుంది. నేల ఘర్షణ దానికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది కాబట్టి బంతి కుడి వైపుకు మళ్లుతుంది. ఎదురుగా ఉన్న కుడిచేతి రిసీవర్‌కు అది ఎడమ వైపు, అంటే బ్యాక్‌హ్యాండ్ వైపు. భుజం ఎత్తుకు లేస్తూ, శరీరానికి దూరంగా జరిగే బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో కొట్టడం కష్టం. కిక్ సర్వీస్ విలువ అంతా ఇక్కడే ఉంది.

క్రికెట్ చూసేవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. కుడిచేతి ఆఫ్‌స్పిన్నర్ వేసిన బంతి గాలిలో కొంచెం ఎడమకు జరిగి, పిచ్ పడ్డాక కుడికి తిరుగుతుంది. కిక్ సర్వీస్ దారి కూడా అలాంటిదే. గాలిలో కొద్దిగా ఎడమకు వంగుతుంది, నేలను తాకాక కుడికి మళ్లుతుంది. వంపు తక్కువగా ఉంటే, ఎడమకు వంగుతూ వచ్చిన బంతి నేలను తాకాక తిన్నగా సర్దుకున్నట్లు మాత్రమే కనిపిస్తుంది. నేర్చుకునే దశలో వచ్చే కిక్ సాధారణంగా ఈ స్థాయిలోనే ఉంటుంది.

3.1 చేసి చూడండి

దీనికి కోర్టు గానీ, రాకెట్ గానీ అక్కరలేదు. ఒక టెన్నిస్ బంతి, గట్టి నేల ఉంటే చాలు. బంతి చుట్టూ స్కెచ్ పెన్నుతో ఒక గీత గీస్తే అది తిరిగే తీరు బాగా కనిపిస్తుంది.

- ఎడమ అరచేతిలో బంతి పెట్టి, దాని మీద కుడి అరచేయి ఆనించండి. పై చేతిని ముందుకు, కింది చేతిని మీ వైపుకు ఒక్కసారిగా లాగి బంతిని వదలండి. నేలను తాకిన బంతి ముందుకు దూకుతుంది. ఇది టాప్‌స్పిన్.
- ఈసారి పై చేతిని కుడికి, కింది చేతిని ఎడమకు లాగండి. బంతి కుడికి దూకుతుంది.
- పై చేతిని ముందుకు, కుడికి మధ్య ఏటవాలుగా లాగండి. కింది చేతిని దానికి వ్యతిరేకంగా లాగండి. బంతి ముందుకూ కుడికీ కలిపి దూకుతుంది. ఇదే కిక్.
- చివరగా బంతిని రెండు పక్కల నుంచి పట్టుకొని, కుడి చేతిని ముందుకు, ఎడమ చేతిని వెనక్కి లాగి వదలండి. బంతి బొంగరంలా తిరుగుతూ పడుతుంది. అయినా పక్కకు దూకదు, దాదాపు పడిన చోటనే పైకి లేస్తుంది.

నాలుగో పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు. బొంగరంలా తిరిగే బంతి గాలిలో పక్కకు వంగుతుంది గానీ, దాని అడుగు భాగం ఏ దిశకూ సాగడం లేదు కాబట్టి నేల దాన్ని పక్కకు నెట్టదు. స్లైస్ సర్వీస్‌లో ప్రధానంగా ఉండేది ఈ భ్రమణమే. బంతికి పక్క నుంచి స్పిన్ ఇచ్చినంత మాత్రాన కిక్ రాదు అన్నది ఈ పరీక్ష నేర్పే పాఠం.

3.2 బంతి ఎత్తుగా లేవడానికి కారణం

టాప్‌స్పిన్ బంతిని నేల నుంచి పైకి విసురుతుందని చాలామంది అనుకుంటారు. బంతి ఎంత ఎత్తుకు లేస్తుందన్నది ప్రధానంగా నేలను తాకే ముందు దానికి నిట్టనిలువుగా ఉన్న వేగం మీద ఆధారపడుతుంది. టాప్‌స్పిన్ బంతి నెట్ మీదుగా ఎత్తుగా వెళ్లి, మాగ్నస్ బలం వల్ల గాలిలోనే వేగంగా కిందికి వంగి, నిటారుగా నేలను తాకుతుంది. నిటారుగా పడిన బంతి నిటారుగా లేస్తుంది. ఎత్తు గాలిలోనే నిర్ణయమవుతుంది, పక్కకు మళ్లడం నేల మీద నిర్ణయమవుతుంది. ఈ రెండింటినీ వేరువేరుగా చూడగలిగితే సర్వీస్‌లోని లోపాన్ని కనుక్కోవడం తేలిక.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

అ) కిక్ సర్వీస్‌లో బంతి నేలను తాకాక కుడికి ఎందుకు మళ్లుతుంది?
ఆ) బొంగరంలా తిరుగుతూ పడిన బంతి పక్కకు ఎందుకు దూకదు?

4. సాంకేతిక భేదాలు

4.1 పట్టు

రెండు సర్వీసులకూ కాంటినెంటల్ గ్రిప్ అనుకూలం. సుత్తితో మేకు కొట్టేటప్పుడు పిడిని పట్టుకున్నట్లు రాకెట్‌ను పట్టుకోవడమే ఈ గ్రిప్. కిక్ సర్వీస్‌కు కొందరు దీన్ని బ్యాక్‌హ్యాండ్ గ్రిప్ వైపుకు కొద్దిగా తిప్పుతారు. దానివల్ల తీగలు బంతిని రాసుకుంటూ వెళ్లడం సులువవుతుంది. కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌తో సర్వీస్ చేస్తుంటారు. ఆ పట్టుతో బంతిని బాదడం వస్తుంది గానీ రాయడం రాదు. పట్టు మార్చకుండా మిగతావి ఎంత నేర్పినా ప్రయోజనం తక్కువే.

4.2 టాస్

సర్వీస్ పాఠాల్లో గడియారం పోలిక తరచుగా వస్తుంది. ఇక్కడ రెండు గడియారాలు ఉన్నాయని గుర్తించాలి. ఒకటి సర్వర్ తల చుట్టూ ఊహించుకునేది. టాస్ ఎక్కడ వేయాలో అది చెబుతుంది. రెండోది బంతి వెనుక ముఖం మీద ఊహించుకునేది. రాకెట్ ఏ దిశలో రాయాలో అది చెబుతుంది. రెండింటినీ వెనుక నుంచే చూస్తాం. ఈ రెండూ కలగాపులగమైతే విద్యార్థి అయోమయంలో పడతాడు.

మొదటి గడియారం ప్రకారం, టాప్‌స్పిన్ సర్వీస్‌కు టాస్ 12 దగ్గర, అంటే సుమారుగా తలకు నేరుగా పైన, బేస్ లైన్‌కు కొద్దిగా లోపల ఉంటుంది. కిక్ సర్వీస్‌కు 11 వైపుకు, అంటే తలకు కొంచెం ఎడమగా జరుగుతుంది. ఫ్లాట్ సర్వీస్‌తో పోలిస్తే రెండింటి టాస్ శరీరానికి దగ్గరగా ఉంటుంది.

టాస్ ఎడమకు జరగాలే గానీ వీపు వెనక్కి పోకూడదు. బంతి వెనక్కి పోతే దాన్ని అందుకోవడానికి నడుము అతిగా విరగాల్సి వస్తుంది, సర్వీస్‌కు ముందుకు వెళ్లే బలమూ తగ్గుతుంది.

4.3 రాకెట్ మార్గం

రెండో గడియారం ప్రకారం, టాప్‌స్పిన్ సర్వీస్‌లో తీగలు బంతి వెనుక భాగాన్ని 6 నుంచి 12 వైపుకు, అంటే కింది నుంచి పైకి, రాసుకుంటూ వెళ్తాయి. కిక్ సర్వీస్‌లో 7 నుంచి 1 వైపుకు, అంటే ఎడమ కింది నుంచి కుడి పైకి వెళ్తాయి.

గడియారంలో ఒక గంట అంటే 30 డిగ్రీలు. బంతికి ఇచ్చే మొత్తం భ్రమణాన్ని 100 భాగాలు అనుకుందాం. 6 నుంచి 12 వైపు రాస్తే మొత్తం 100 భాగాలూ టాప్‌స్పిన్ అవుతాయి. 7 నుంచి 1 వైపు రాస్తే టాప్‌స్పిన్ భాగం సుమారు 87 ఉంటుంది, పక్క భ్రమణం భాగం 50 ఉంటుంది. ఇవి లంబదిశల్లో ఉన్న అంశాలు కాబట్టి వాటి మొత్తం 100 కానక్కరలేదు. అంటే 13 భాగాల టాప్‌స్పిన్‌ను వదులుకొని 50 భాగాల పక్క భ్రమణాన్ని పొందుతున్నాం. ఇది లాభసాటి బేరం. కానీ ఇంకా ఏటవాలుగా 8 నుంచి 2 వైపుకు రాస్తే టాప్‌స్పిన్ 50 భాగాలకు పడిపోతుంది. నెట్ మీద భద్రత తగ్గిపోయి, బంతి స్లైస్ స్వభావంలోకి జారుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. బంతి వెనుక భాగాన్ని సరిగ్గా మధ్యలో పక్కకు రాస్తే పుట్టేది బొంగరం భ్రమణం. నేల మీద కుడికి మళ్లాలంటే, తీగలు బంతి వెనుక పైభాగాన్ని ఎడమ నుంచి కుడికి దాటుతూ వెళ్లాలి. అప్పుడే బంతి పైభాగం కుడికి, అడుగు భాగం ఎడమకు తిరుగుతాయి. దీనికి రాకెట్ ముఖం కొద్దిగా ముందుకు వాలి ఉండాలి. నిజమైన కిక్ సర్వీస్‌లో బొంగరం భ్రమణం కూడా కొంత ఉంటుంది. గాలిలో బంతి ఎడమకు వంగడానికి అదే కారణం.

ఆచరణలో పూర్తిగా స్వచ్ఛమైన టాప్‌స్పిన్ సర్వీస్ అరుదు. భుజం పై నుంచి తిరిగే చేతిలో రాకెట్ కొంచెమైనా ఏటవాలుగా కదులుతుంది కాబట్టి కొంత పక్క భ్రమణం కలుస్తుంది. కాబట్టి ఈ రెండు సర్వీసులను ఒకే రహదారి మీద ఉన్న రెండు ఊళ్లలా భావించాలి.

4.4 శరీర భంగిమ

రెండింటిలోనూ మోకాళ్లు వంచి పైకి లేవడం ముఖ్యం. బంతిని తాకే క్షణంలో రాకెట్ తల ఇంకా పైకి వెళ్తూ ఉండాలి. కాళ్ల బలం లేకపోతే ఆ పనంతా భుజం మీద పడుతుంది. ఫ్లాట్ సర్వీస్‌లో బంతి రాకెట్ నుంచి కొద్దిగా కిందికి బయలుదేరితే, ఈ సర్వీసుల్లో కొద్దిగా పైకి బయలుదేరుతుంది. కిందికి కొట్టాలన్న సహజమైన కోరికను అణచుకోవడమే విద్యార్థికి అసలు కష్టం.

టాప్‌స్పిన్ సర్వీస్‌లో శరీరం బంతి వెనుక మామూలుగా ముందుకు తిరుగుతుంది. కిక్ సర్వీస్‌లో ఛాతీ మరికొంత సేపు పక్కకు తిరిగే ఉండాలి. ఛాతీ ముందుగా నెట్ వైపు తిరిగితే రాకెట్ ఎడమ నుంచి కుడికి సాగే దారి మూసుకుపోతుంది. బంతిని తాకిన తరువాత రాకెట్ మొదట కుడి వైపుకు సాగి, ఆ తరువాతే కిందికి వస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3

అ) టాస్ గడియారానికి, బంతి గడియారానికి తేడా ఏమిటి?
ఆ) కిక్ సర్వీస్‌లో ఛాతీని ముందుగా తిప్పితే ఏమవుతుంది?

5. ఆటలో వినియోగం

కిక్ సర్వీస్‌కు పాత పేరు అమెరికన్ ట్విస్ట్. అమెరికా క్రీడాకారుడు హోల్కోంబ్ వార్డ్ దీని ఆద్యుల్లో ఒకడిగా పేరు పొందాడు. 1900లో బోస్టన్‌లోని లాంగ్‌వుడ్ క్రికెట్ క్లబ్‌లో జరిగిన మొట్టమొదటి డేవిస్ కప్ పోటీలో వార్డ్, డ్వైట్ డేవిస్‌లు ఈ సర్వీస్‌తో బ్రిటిష్ జట్టును ఇబ్బంది పెట్టారు. ఆ పోటీని అమెరికా 3-0 తేడాతో గెలిచింది. తరువాతి కాలంలో స్వీడన్‌కు చెందిన స్టెఫాన్ ఎడ్‌బర్గ్ కిక్ సర్వీస్ చేసి నెట్ దగ్గరికి చేరి వాలీ చేయడంలో పేరు తెచ్చుకున్నాడు. కిక్ బంతి నెమ్మదిగా ఎగసి వెళ్లడం వల్ల నెట్ దగ్గరికి చేరడానికి సమయం చిక్కుతుంది. 2011 యు.ఎస్. ఓపెన్ మహిళల విజేత, ఆస్ట్రేలియాకు చెందిన సమంతా స్టోసర్ ఆటలో కూడా కిక్ సర్వీస్ పెద్ద ఆయుధం.

అడ్వాంటేజ్ కోర్టు నుంచి, అంటే సర్వర్ మధ్య గుర్తుకు ఎడమన నిలబడి సర్వీస్ చేసేటప్పుడు, బాక్సు బయటి మూలకు వేసిన కిక్ రిసీవర్‌ను కోర్టు బయటికి లాగుతుంది. డ్యూస్ కోర్టు నుంచి మధ్య గీత వైపుకు వేస్తే కుడిచేతి రిసీవర్ బ్యాక్‌హ్యాండ్‌కు చేరుతుంది. రిసీవర్ ఎడమచేతి వాటం అయితే అదే బంతి అతని ఫోర్‌హ్యాండ్‌కు వెళ్తుంది. అప్పుడు శరీరం మీదికి తిన్నగా లేచే టాప్‌స్పిన్ సర్వీస్ మేలు కావచ్చు. కిక్ గొప్పది, టాప్‌స్పిన్ తక్కువది అనే క్రమం ఏదీ లేదు. ఎదుట ఎవరున్నారన్నదే లెక్క.

6. శిక్షణ క్రమం, జాగ్రత్తలు

మొదట టాప్‌స్పిన్, ఆ తరువాత కిక్ నేర్పడం మంచి క్రమం. పైకి రాయడం రాని విద్యార్థికి ఏటవాలుగా రాయడం నేర్పితే అతనికి వచ్చేది స్లైస్ మాత్రమే.

- మొదటి మెట్టు: విద్యార్థిని సర్వీస్ లైన్ దగ్గర మెత్తని చాప మీద మోకాళ్లపై కూర్చోబెట్టి సర్వీస్ చేయించండి. అంత తక్కువ ఎత్తు నుంచి కిందికి కొడితే బంతి నెట్ దాటదు. పైకి రాయక తప్పదు.
- రెండో మెట్టు: బేస్ లైన్ నుంచి సర్వీస్ చేయిస్తూ, నెట్‌కు పైన ఒక తాడు కట్టి దాని మీదుగా బంతిని పంపమనండి. బంతి తాడు దాటి బాక్సులో పడితే టాప్‌స్పిన్ కుదిరినట్లే.
- మూడో మెట్టు: టాప్‌స్పిన్ నిలకడగా వచ్చాక టాస్‌ను కొద్దిగా ఎడమకు జరిపి, రాకెట్ మార్గాన్ని 7 నుంచి 1కి మార్చండి. బంతి ఎటు మళ్లుతోందో విద్యార్థి చేతనే చెప్పించండి.

సాధారణంగా కనిపించే పొరపాట్లు ఇవి:

- బంతి నెట్‌కు తగలడం: కిందికి కొట్టడం లేదా ఛాతీ ముందుగా వంగడం కారణం కావచ్చు. తాడు సాధనకు తిరిగి వెళ్లాలి.
- బంతి ఎడమకు వంగుతోంది గానీ నేల మీద కుడికి మళ్లడం లేదు: విద్యార్థి చేస్తున్నది స్లైస్. టాస్ కుడికి పోతోందా, తీగలు బంతి మధ్యలోనే పక్కకు రాస్తున్నాయా అని చూడాలి.
- బంతి ఎత్తుగా వెళ్లి బాక్సు దాటిపోవడం: రాయడం తక్కువై, మోయడం ఎక్కువైంది. రాకెట్ వేగాన్ని తగ్గించమని చెప్పడం ఇక్కడ తప్పు సలహా. వేగం తగ్గితే భ్రమణం తగ్గి, లోపం మరింత పెరుగుతుంది.

ఇక జాగ్రత్తల విషయం. కిక్ సర్వీస్‌లో నడుము వెనక్కి వంగడం, పక్కకు ఒరగడం, తిరగడం ఒకేసారి జరుగుతాయి. ఎదిగే వయసులోని పిల్లల్లో ఈ కదలిక పదేపదే జరిగితే నడుము వెన్నుపూసల వెనుక భాగంలో ఒత్తిడి వల్ల పగులు ఏర్పడే ప్రమాదం ఉంది. వైద్యులు దీన్ని స్పాండిలోలైసిస్ అంటారు. టెన్నిస్ ఆడే కౌమార వయస్కుల్లో ఇది తెలిసిన సమస్యే. కాబట్టి పొట్ట, నడుము, తుంటి కండరాలకు తగిన బలం రాకముందు పిల్లల చేత కిక్ సర్వీస్ వరుసగా చేయించకూడదు. ఒక రోజు సాధనలో కిక్ సర్వీసులను కొద్దిగానే ఉంచి, మిగతావి టాప్‌స్పిన్, స్లైస్‌లతో నింపాలి. నడుము వెనక్కి వంచినప్పుడు నొప్పి వస్తోందని పిల్లలు చెబితే, బద్ధకమని కొట్టిపారేయకుండా సర్వీస్ సాధన ఆపించి వైద్యుడికి చూపించాలి. టోర్నమెంట్ దగ్గర పడిందన్న కారణం దీనికి మినహాయింపు కాదు. పోయిన పాయింటు వచ్చే ఆటలో తిరిగి సంపాదించుకోవచ్చు. వెన్నుపూస పగిలితే పిల్లవాడు నెలల తరబడి ఆటకు దూరమవుతాడు.

7. సారాంశం

రెండో సర్వీస్ భద్రంగా ఉండాలి, పదునుగానూ ఉండాలి. దానికి టాప్‌స్పిన్ ఆధారం. టాప్‌స్పిన్ సర్వీస్‌లో తీగలు బంతిని 6 నుంచి 12 వైపుకు రాస్తాయి. బంతి నిటారుగా పడి, ఎత్తుగా, తన దారిలోనే లేస్తుంది. కిక్ సర్వీస్‌లో టాస్ కొంచెం ఎడమకు జరుగుతుంది, ఛాతీ ఎక్కువసేపు పక్కకు తిరిగి ఉంటుంది, తీగలు బంతి వెనుక పైభాగాన్ని 7 నుంచి 1 వైపుకు దాటుతాయి. నేలను తాకేటప్పుడు బంతి అడుగు భాగం ఎడమకు కదలడం వల్ల బంతి కుడికి మళ్లుతుంది. ముందు టాప్‌స్పిన్, తరువాత కిక్ అనే క్రమాన్ని పాటిస్తే విద్యార్థికి సర్వీసూ వస్తుంది, నడుమూ క్షేమంగా ఉంటుంది.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. అ) సుమారు 1.05 మీటర్లు. ఆ) కిందికి.
2. అ) బంతి అడుగు భాగం ఎడమకు కదులుతుంది, నేల ఘర్షణ దానికి వ్యతిరేకంగా బంతిని కుడికి నెడుతుంది. ఆ) దాని అడుగు భాగం ఏ ఒక్క దిశకూ సాగదు కాబట్టి ఘర్షణ దాన్ని పక్కకు నెట్టదు.
3. అ) టాస్ గడియారం సర్వర్ తల చుట్టూ బంతిని ఎక్కడ ఎగరవేయాలో చెబుతుంది. బంతి గడియారం రాకెట్ ఏ దిశలో రాయాలో చెబుతుంది. ఆ) రాకెట్ ఎడమ నుంచి కుడికి సాగే దారి మూసుకుపోతుంది.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

*కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.*

1. టాప్‌స్పిన్, కిక్ సర్వీసుల సాంకేతిక భేదాలను టాస్, రాకెట్ మార్గం, శరీర భంగిమల ఆధారంగా వివరించండి.
2. పద్నాలుగేళ్ల విద్యార్థికి కిక్ సర్వీస్ నేర్పడానికి శిక్షణ క్రమాన్ని, తీసుకోవలసిన జాగ్రత్తలను రాయండి.

*కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.*

1. మాగ్నస్ ప్రభావం అంటే ఏమిటి? అది సర్వీస్‌కు ఎలా ఉపయోగపడుతుంది?
2. కిక్ సర్వీస్ చేయబోయిన విద్యార్థికి స్లైస్ సర్వీస్ రావడానికి కారణాలు ఏవి?
3. ఎడమచేతి వాటం సర్వర్ చేసిన కిక్ సర్వీస్ ఎటు మళ్లుతుంది? అది కుడిచేతి రిసీవర్‌కు ఏ వైపు వెళ్తుంది?